ఒక గూఢచారి నవల, నలుగురి మాట

గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడంలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. పుస్తకాల గురించి నాకు తెలిసింది కొంచెమే. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు మనుషులు అనే మాటల గురించి తెలిసింది ఎక్కువ. రిటైరయ్యాక కరీంనగర్‌లో మేం కొందరం నెలకోసారి కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకునే అలవాటు పెట్టుకున్నాం. ఆ మధ్య టెర్రీ హేస్ రాసిన 'ఐ యామ్ పిల్‌గ్రిమ్' తీసుకున్నాం. 2013లో వచ్చిన ఇంగ్లిష్ గూఢచారి నవల అది. రచయిత ఇంగ్లండులో పుట్టి, పసితనంలోనే ఆస్ట్రేలియా చేరి, విలేఖరిగా పనిచేసి, 'మ్యాడ్ మ్యాక్స్ 2' లాంటి సినిమాల రచనలో పాలుపంచుకున్నవాడు. ఈ నవల వెలువడేనాటికి అరవై దాటాడు.

చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. రహస్య సంస్థ కొలువు వదిలేసి, పేరు మార్చుకుని బతుకుతున్న ఒక అమెరికన్ గూఢచారి. అతనికి ఎదురుగా, సౌదీలో పుట్టి, తండ్రి తలను రాజ్యం నరికించగా ఆ కసితో పెరిగి, అఫ్ఘానిస్తాన్‌లో సోవియట్ సేనలతో పోరాడి, ఆపైన డాక్టరీ చదివిన మరొకడు. నవల అతన్ని సారాసెన్ అంటుంది. టీకాకు లొంగని మశూచిని అమెరికా మీదికి వదలాలని అతని పన్నాగం. మధ్యలో న్యూయార్క్ హోటల్ గదిలో ఒక హత్య, టర్కీలోని బోడ్రుమ్‌లో మరో చావు. ఈ నాలుగు దారాలనూ హేస్ ఒకచోట ముడి వేస్తాడు. ముడి ఎలా పడిందో చెప్పను. పుస్తకం మీద మా వాళ్లు అన్న మాటలు, వాటివల్ల నాకు ఆలస్యంగా తెలిసొచ్చినవి మాత్రం చెబుతాను.

1. పుస్తకం మూసిన రాత్రి చెప్పే మాట, దాని వేగం గురించి చెప్పే మాటే.

మొదటిసారి కూర్చున్నప్పుడు అందరిదీ ఒకే పాట. కింద పెట్టలేకపోయాం, తెల్లవారేదాకా చదివాం, కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటు వేసుకుని చదివాం. అందులో అబద్ధం లేదు. హేస్ అధ్యాయాలు పొట్టివి. రాబోయే ముప్పును ఒక్క వాక్యంలో సూచించి అక్కడ ఆపేస్తాడు. ఇంటర్వెల్ ఎక్కడ వేయాలో తెలిసిన సినిమా చేయి అది. నేనూ ఆ మత్తులోనే, ఇటీవల ఇంత మంచి నవల చదవలేదని ప్రకటించేశాను. నెల తర్వాత ఇదే పుస్తకం మీద మళ్లీ కూర్చుందామని మాలో ఒక లెక్చరర్ పట్టుబట్టాడు. రెండోసారి పొగడ్త పెద్దగా తగ్గలేదు గానీ, మొదటిసారి ఎవరికీ తోచని ప్రశ్నలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఇకమీద నేను చెప్పేవి చాలావరకు ఆ రెండోసారి విన్నవే.

ఉద్యోగంలో ఉండగా ఈ తెలివి లేకపోయింది. పుస్తకం తిరిగి ఇస్తూ కళ్లు మెరిపించినవాళ్ల మాట పట్టుకుని కొత్త పుస్తకాల జాబితా రాసి పైకి పంపేవాణ్ని. ఆర్నెల్లు పోయాక అదే మనిషిని కదిపితే కథానాయకుడి పేరు కూడా గుర్తుండేది కాదు. పుస్తకం బల్లమీద పెట్టి, ఏమీ అనకుండా, ఇంకో పదిహేను రోజులకు అదే రాయించుకుని పోయినవాళ్లను మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. అసలైన అభిప్రాయం వాళ్లదే.

2. తన వృత్తి దగ్గరికి వచ్చేసరికి ప్రతి పాఠకుడూ గట్టివాడే.

నవలలో ఒకచోట గూఢచారి, బోడ్రుమ్‌లోని పాత భవనంలో గోడ అద్దాలను చూస్తాడు. ఒక పెద్ద వెలుగు మెరిసినప్పుడు అద్దాల వెనక పూతలో అప్పటి దృశ్యం అచ్చు పడి ఉంటుందని ఊహించి, వాటిని ఇటలీలోని ఫ్లోరెన్స్ దాకా మోయించి, ఉఫీజీ మ్యూజియం నిపుణుల చేత ఆ బొమ్మను బయటికి తీయిస్తాడు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. మాలో ఒకాయన ముప్పై ఏళ్లకు పైగా ఫోటో స్టూడియో నడిపాడు. డార్క్‌రూములో హైపో వాసన పీల్చి పెరిగిన మనిషి. ఆయన నవ్వాపుకోలేక, "అద్దం ఎనుక ఉండేది అచ్చమైన ఎండి సార్. ఫిల్ము మీద ఉండేది ఎలుగు తగిల్తె మారే ఎండి ఉప్పు. రెండూ ఒకటెట్లయితయ్? గట్లయితే సెలూన్ల అద్దంల ఊరోళ్ల మొకాలన్నీ ఉండాలె గద!" అన్నాడు. ఆయన మటుకు ఆ అధ్యాయం అక్కడే కూలిపోయింది.

మాలో ఒక రిటైర్డ్ ఎస్.ఐ. ఉన్నాడు. అద్దాల విషయం ఆయన్ను కొంచెం కూడా ఇబ్బంది పెట్టలేదు. ఆయన బాధంతా న్యూయార్క్ హోటల్ గది దగ్గర. హత్య జరిగిన గదిలోకి ఏ హోదా లేని బయటి మనిషిని పోలీసు అధికారి ఎలా రానిచ్చాడు, పంచనామా ఎవరు రాశారు, రేపు కోర్టులో డిఫెన్సు వకీలు అడిగితే ఏం చెబుతాడు? స్టూడియో ఆయనకేమో ఆ గదిలో ఏ తప్పూ కనబడలేదు. అప్పుడు వింతగా తోచింది. ఒక్కొక్కరూ తమకు తెలిసిన ఇరవై పేజీలను కొట్టిపారేసి, మిగతా పుస్తకమంతా కళ్లు మూసుకుని నమ్మేశారు. నా సంగతి ఇంకా అన్యాయం. గ్రంథాలయపు పనికి తగిలే విషయం కథలో పెద్దగా లేదు, కాబట్టి నేను అన్నీ నమ్మాను.

పుస్తకం మీద ఒక్కరి అభిప్రాయం చదివి తీర్పుకు రాకండి. ఆ చెప్పేవాడు ఏం పని చేస్తాడో ముందు కనుక్కోండి.

3. మనలో ఎవరికీ తెలియని చోటే రచయిత మాట చెల్లిపోతుంది.

ఇది పై పాఠానికి రెండో వైపు. నాకు ఎక్కువ పని పెట్టింది ఇదే.

సౌదీలోని జెద్దాలో నడిచే అధ్యాయాల దగ్గర మాలో ఎవరికీ ఏ అభ్యంతరమూ రాలేదు. ఎండ, రాజు, కత్తి, కసి పెంచుకునే పిల్లవాడు. అంతా సరిగ్గానే ఉందనుకున్నాం. మా మధ్య కూర్చునే ఒకాయన జెద్దాలో చాలా ఏళ్లు డ్రైవరుగా చేసి వచ్చినవాడు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఏ ఊరికి పోయినా ఇలాంటివాళ్లు కనబడతారు. ఆయన ఇంగ్లిష్ నవల చదవలేడు, లెక్చరర్ చెప్పగా కథ విన్నాడు. ఆయన్ను మేం ఎవరం అడగలేదు. రెండోసారి కూర్చున్నప్పుడు తనంతట తనే అన్నాడు: "తల నరుకుడు అబద్ధం గాదు. శుక్రవారం నమాజు అయినంక చేస్తుండె. గది నిజమే. కని గీ కథల ఉన్నోళ్లందరు సంపెటోళ్లు, లేకుంటె సచ్చెటోళ్లు. మా కఫీల్, అదే మా యజమాని, పొద్దుగాల లేసి పిల్లలను బడికి తోలెటోడు. జీతం మాత్రం నెల దాటినంకనే ఇచ్చెటోడు. అసొంటోడు ఒక్కడన్న లేడా పుస్తకంల?"

లేడు. నేను పుస్తకం మళ్లీ తిరగేసి చూశాను. హేస్ ఒక నిజాన్ని తెచ్చి మధ్యలో నిలబెట్టాడు. దాని చుట్టూ ఉండవలసిన మామూలు బతుకును వదిలేశాడు. ఆ ఒక్క నిజం గట్టిగా ఉండటంతో చుట్టూ ఉన్న ఖాళీ మాకు కనబడలేదు.

మాలో డిగ్రీ చదివే ఒక ముస్లిం అమ్మాయి ఉంది. ఆమె సారాసెన్ పాత్ర మీద కోప్పడుతుందనుకున్నాను. అలా అనుకోవడంలోనే నా తొందరపాటు ఉంది. ఆమె అన్నది వేరు. నవల మొత్తం మీద లోపలి నుంచి రాసిన మనిషి అతనొక్కడేనట. కథానాయకుడి కంటే అతని బాల్యమే బాగా కుదిరిందట. "అందుకే భయం సార్. కార్టూన్‌లా రాసుంటే నవ్వుకుని వదిలేసేవాళ్లు. ఇంత బాగా రాస్తే నిజమని నమ్ముతారు" అంది. పత్రికల్లో పుస్తక సమీక్షలు చదువుతూ ముసలివాణ్నయ్యాను గానీ, నేర్పును మెచ్చుకుంటూనే ఆ నేర్పు వల్ల జరిగే కీడును ఇంత పొట్టిగా చెప్పిన సమీక్ష నాకు గుర్తులేదు.

4. భయానికి కూడా వయసుంటుంది.

మశూచి దగ్గర మా గది రెండుగా చీలిపోయింది. యాభై దాటినవాళ్లు ఒకవైపు, కుర్రవాళ్లు ఒకవైపు. మా చేతుల మీద ఆ టీకా మచ్చ ఉంది. (ఇప్పటి పిల్లల చేతిమీది మచ్చ బి.సి.జి.ది, అది వేరు.) కుర్రవాళ్లకు మశూచి అంటే సినిమాలో వచ్చే ఏదో ఒక వైరస్. నాకు మా చిన్నమ్మ ముఖం. మా ఊళ్లో దాన్ని రోగం అనేవాళ్లు కాదు, తల్లి పోసింది అనేవాళ్లు. గుమ్మానికి వేపమండలు కట్టి, పిల్లల్ని ఆ అరుగు కూడా తొక్కనిచ్చేవాళ్లు కాదు. చిన్నమ్మ బతికి బయటపడింది. వచ్చిన సంబంధాలు మాత్రం ముఖం చూసి తిరిగిపోయేవి. నవలలో రోగం పేరు బయటపడే పేజీ దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు బయట కూర్చున్నాను. అదే పేజీ గురించి ఒక కుర్రవాడు "కొంచెం ఓవర్ కదా అంకుల్" అన్నాడు.

అతనికి జవాబిచ్చింది మాలోని రిటైర్డ్ హెల్త్ అసిస్టెంటు. ఆమె టీకాలు వేసే రోజుల చివర్లో కొలువులో చేరింది. రెండు మొనల సూది పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, రోగిని లోపలి గదిలో దాచి "మా ఇంట్ల ఎవ్వలు లేరు" అని బొంకేవాళ్లు, కేసు చూపించినవాళ్లకు సర్కారు ప్రకటించిన బహుమానం. అవన్నీ చెప్పి, దేశంలో చివరి కేసు 1975 మే నెలలో అస్సాంలో దొరికిందనీ, ప్రపంచంలో సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో అనీ, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రోగం పోయిందని ప్రకటించిందనీ వేళ్ల మీద లెక్కపెట్టింది. మధ్యలో 1978లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, పరిశోధనశాల ఉన్న భవనంలో పనిచేసే ఒకామెకు సోకి చనిపోయిన సంగతి కూడా వదల్లేదు. ఇప్పుడా వైరస్‌ను అధికారికంగా దాచి ఉంచింది రెండు చోట్లే. ఒకటి అమెరికాలోని అట్లాంటా, రెండోది రష్యాలోని కొల్ట్సోవో.

కుర్రవాడు తెలివైనవాడు, వెతికి చదివి వచ్చాడు. టీకా రక్షణను కూడా దాటిపోయే ఎలుకల మశూచి 2001లో ఆస్ట్రేలియా పరిశోధకులకు అనుకోకుండా ఎదురైంది. కెనడాలో గుర్రపు మశూచి వైరస్‌ను, ఆర్డరిచ్చి తెప్పించుకున్న డి.ఎన్.ఏ. ముక్కలతో మళ్లీ తయారు చేశారని 2017లో వార్త వచ్చింది. రెండూ మనిషికి ప్రమాదకరమైన రోగాలు కావు. అయినా నవల వచ్చిన నాలుగేళ్లకే అలాంటి వార్త రావడం చూసి "కొంచెం ఓవర్" అన్న మాట అతనే వెనక్కి తీసుకున్నాడు. అయితే ఒక్కడే ఒక గదిలో కూర్చుని ఇదంతా చేసేయడం మటుకు అతనికి ఇప్పటికీ నమ్మకం లేదు. నాకూ లేదు.

5. తిరిగి చెప్పేటప్పుడు రాలిపోయింది కథకు అక్కర్లేనిదే.

ఇంగ్లిష్ చదవలేనివాళ్ల కోసం లెక్చరర్ ఈ నవలను రెండు సాయంత్రాలు కూర్చుని తెలుగులో చెప్పాడు. లావైన పుస్తకం. చెప్పడంలో సుమారు మూడో వంతు రాలిపోయింది, వినేవాళ్లకు ఎక్కడా వెలితి తెలియలేదు. గూఢచారి పాత ఉద్యోగపు ఘనకార్యాలు, ఒకరి తర్వాత ఒకరు తారసపడే నేర్పరులు, అనుకోకుండా కలిసొచ్చే సందర్భాలు అన్నీ పోయాయి. ఒక్క చోట మాత్రం, వదిలేద్దామనుకుని కూడా వదల్లేకపోయానని ఆయనే చెప్పాడు. కథానాయకుడు చిన్నతనంలో, పెంచిన తండ్రితో కలిసి ఫ్రాన్సులో నాట్జ్‌వైలర్ నాజీ శిబిరం చూడటానికి వెళతాడు. అక్కడ ఒక ఫోటో. పిల్లల్ని వెంటబెట్టుకుని గ్యాస్ గది వైపు నడిచిపోతున్న ఒక తల్లి. కథ నడకకు ఆ పేజీల అవసరం పెద్దగా లేదు, అయినా మా వాళ్లందరికీ గుర్తున్నది అదే.

6. ముందు మాట్లాడేవాడు తర్వాతివాళ్ల మాటను మింగేస్తాడు.

వయసులో పెద్దవాణ్నని మా కూటంలో మొదటి మాట నాకిస్తారు. చాలాకాలం అది గౌరవం అనుకున్నాను. నేను 'అద్భుతం' అన్నాక, కాదనడానికి మన ఊళ్లలో ఎవరికి నోరొస్తుంది? మాలో ఒక రిటైర్డ్ టీచరమ్మ మొదటిసారి ఏమీ మాట్లాడలేదు. రెండోసారి నేను గొంతు బాగోక చివరికి ఆగాను. అప్పుడు ఆమె నోరు విప్పింది.

"పుస్తకంలో మనకు కనిపించే మొదటి ఆడమనిషి ఒక శవం. గుర్తుపట్టకుండా యాసిడ్‌లో పడేశారు, పళ్లు పీకేశారు. పుస్తకం అయిపోయింది, ఆమె బతికినప్పుడు ఎలాంటి మనిషో మీలో ఒక్కరైనా అనుకున్నారా?" అంది. ఎవరూ అనుకోలేదు. ఆమె అక్కడితో ఆగలేదు. చివరికి వచ్చేసరికి గూఢచారి ఒక పసివాడి ప్రాణాన్ని అడ్డం పెట్టుకుని నిజం రాబడతాడు. (ఇంతకంటే చెప్పను, చదవబోయేవాళ్లు నన్ను తిడతారు.) "ఆ పని సారాసెన్ చేసి ఉంటే రాక్షసుడనేవాళ్లు. మనవాడు చేశాడు కాబట్టి ఊపిరి బిగబట్టి పేజీ తిప్పారు. నేనూ తిప్పాను" అంది. దేశాన్ని కాపాడటానికి తప్పదు కదా అని ఎస్.ఐ. గారు అన్నారు. తన సర్వీసులో ఎన్నిసార్లు ఆ మాట విన్నారో చెప్పమని ఆమె అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, చాలాసార్లు విన్నాననీ, ప్రతిసారీ నిజం కాదనీ ఒప్పుకున్నారు.

ఆ రోజు నుంచి మొదటి మాట నేను తీసుకోవడం లేదు. ఇరవై ఏళ్ల ముందు మానేసి ఉంటే ఎంతమంది టీచరమ్మల మాటలు వినేవాణ్నో.

7. ముగింపు చెప్పేసినవాడు ఒక్క పుస్తకాన్నే పాడు చేస్తాడు, ఎగతాళి చేసినవాడు పాఠకుణ్నే పోగొడతాడు.

గ్రంథాలయంలో డిటెక్టివ్ నవలలకు ఒక శాపం ఉండేది. ఎవడో ఒకడు మొదటి పేజీలోనే పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసి పెట్టేవాడు. కొమ్మూరి సాంబశివరావు నవలలకు ఈ బెడద ఎక్కువ. రబ్బరు పెట్టి చెరుపుతూ ఆ పెన్సిల్ మనిషిని తిట్టుకునేవాణ్ని. నేను చేసింది అంతకంటే పెద్ద తప్పని అప్పుడు తెలియదు. ఐ.టి.ఐ. చదివే కుర్రాడొకడు మధుబాబు షాడో నవలలు వరసగా తీసుకెళ్లేవాడు. ఒకరోజు తిరిగి ఇస్తూ, ఈసారి షాడో అన్ని దేశాలు తిరిగాడు గానీ ఎక్కడా భోజనం చేసినట్టు లేదు సార్ అన్నాడు. నలుగురి ముందు నవ్వి, పనికొచ్చే పుస్తకాలు చదువుకో పో అన్నాను. వాడు మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే వాడు అడిగింది మా జెద్దా డ్రైవరు అడిగినదే. వీరుడి చుట్టూ మామూలు బతుకు ఎందుకు లేదని. ఇంగ్లిష్ పేర్లున్న విమర్శకుడు అని ఉంటే ఆ మాట నోటుబుక్కులో రాసుకునేవాణ్ని.

8. గూఢచారి నవలను తూచాలంటే మరో గూఢచారి నవల కావాలి.

రామాయణంతో తూచి 'ఇందులో ఏముంది' అనడం సులువు, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మా లెక్చరర్ తూకానికి జాన్ లె కారే 1963 నవల 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' తెచ్చి పెట్టాడు. రాసేనాటికి లె కారే నిజంగానే బ్రిటిష్ గూఢచార శాఖలో ఉద్యోగి. బెర్లిన్ గోడ కట్టిన రెండేళ్లకు వచ్చిన పుస్తకం అది. పల్చగా ఉంటుంది, మెల్లగా నడుస్తుంది, కుర్రవాళ్లకు మొదటి యాభై పేజీలు నిద్రొచ్చింది. చివర మాత్రం శత్రువు మీద కాకుండా సొంత పక్షం మీద రోత పుడుతుంది. హేస్ నవలలో అలసట ఉంది, గాయం ఉంది, సొంత పక్షం మీద ఆ అనుమానం దాదాపు లేదు. ఆయన రెండో నవల 'ది ఇయర్ ఆఫ్ ది లోకస్ట్' 2023లో, పదేళ్ల తర్వాత వచ్చింది. చివరి భాగంలో సైన్స్ ఫిక్షన్‌లోకి మళ్లే ఆ కథను మాలో ఇద్దరే పూర్తి చేశారు, ఇద్దరూ ఒకరితో ఒకరు ఏకీభవించడం లేదు.

నా తీర్పు అడిగితే, 'ఐ యామ్ పిల్‌గ్రిమ్' మంచి పనివాడు కట్టిన కథ. చదివించే గుణంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. జెద్దా దగ్గర, టీచరమ్మ చెప్పిన ఆ పసివాడి దగ్గర అది నా మార్కులు పోగొట్టుకుంది. అయినా చదవండి. చదివి నెల ఆగి, మీ పనికి సంబంధించిన పేజీ ఎక్కడ తప్పిందో ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. ముఖ్యంగా గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు, వైద్యశాఖలో ఉన్నవాళ్లు. కథ విన్నవాళ్లయినా సరే, పుస్తకం చదివి ఉండనక్కర్లేదు.